ఉన్నదంతా పెట్టినవాడికి జవాబు

కుటుంబ పత్రికలో పేకాట గురించి రాయడమేమిటని కొందరికి అనిపించవచ్చు. మన సంఘంలో పెద్దలున్నారు, పిల్లలున్నారు, పండుగ రోజున పత్రికను దేవుడి గదిలో పెట్టి మరీ చదివేవారున్నారు. అందుచేత ముందే ఒక మాట మనవి చేసుకుంటున్నాను. ఇది ఆడమని చెప్పే వ్యాసం కాదు, ఆడవద్దని ఉపన్యాసమూ కాదు. మన శీర్షిక లెక్కల గురించి. పేకముక్కల్లో లెక్క ఉంది. దాన్ని చివరిదాకా చూస్తే, ఆ లెక్క ఎక్కడివరకు పనిచేస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో కూడా తెలుస్తుంది. ఈసారి నా ఉద్దేశం అది.

దీనికి కారణం పెరంబూరు నుంచి ఒక పెద్దాయన రాసిన ఉత్తరం. ఆయన మనవడు అమెరికాలో చదువుకుంటున్నాడు. శనివారం రాత్రి పదిమంది స్నేహితులు తలా పది డాలర్లు వేసుకుని పోకర్ టోర్నమెంటు ఆడుకుంటారట. మొదటివాడికి 60 డాలర్లు, రెండోవాడికి 40, మిగతావారికి చప్పట్లు. ఆ అబ్బాయి ఫోనులో తాతగారికి గంటసేపు ఒకే విషయం చెప్పాడట: తక్కువ చిప్పులు మిగిలినవాడు ఉన్నదంతా ముందుకు తోసేస్తే, ఎదుటివాడు ఒప్పుకోవాలా, ముక్కలు పారెయ్యాలా? "నాకు సగమే అర్థమైంది. ఇది లెక్కా, జూదమా? వాణ్ణి మెచ్చుకోవాలా, మందలించాలా? మీరు బ్యాంకువారు గదా, చెప్పండి" అని అడిగారు పెద్దాయన.

పేకాట మన తెలుగువాళ్లకు కొత్త కాదు. చెన్నై సెంట్రల్‌లో హౌరా మెయిలు ఎక్కి గూడూరు దాటకముందే దుప్పటి పరిచి పదమూడు ముక్కలు పంచుకోవడం ఎన్ని కుటుంబాలు ఎరగవు? పెళ్లివారి విడిదిలో ముహూర్తం తెల్లవారుజామున అయితే, రాత్రంతా మేలుకోవడానికి ఉన్న సాధనం రమ్మీయే. అంతెందుకు, రమ్మీ నైపుణ్యంతో కూడిన ఆట అని సుప్రీంకోర్టు చెప్పింది కూడా మన తెలుగునాట పుట్టిన కేసులోనే. 1963లో సికింద్రాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు దాడిచేసి కేసు పెట్టారు. అది ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం వర్సెస్ కె. సత్యనారాయణ అనే పేరుతో సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. 1967 నవంబరులో జస్టిస్ హిదయతుల్లా తీర్పు రాశారు. మూడు ముక్కలాట కేవలం అదృష్టం మీద నడిచేది, రమ్మీ అలా కాదు, పడిన ముక్కల్ని గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారెయ్యాలో తెలియాలి అని దాని సారాంశం. ఆ తరువాత దేశంలో ఎక్కడ పేకాట కేసు నడిచినా ఈ తీర్పు ప్రస్తావన రాక మానదు.

ఇంతకీ మనవడి ప్రశ్నకు దగ్గరి చుట్టం మన 201 రమ్మీలోనే ఉంది. మొదట్లోనే ముక్కలు పడేస్తే 25, మధ్యలో పడేస్తే 50, నిండా మునిగితే 80. మొత్తం 201కి చేరినవాడు లేచిపోవాలి. ఇప్పుడు ఒకాయన 180లో ఉన్నాడనుకోండి. ముక్కలు పడేస్తే 205. అంటే పడేసే హక్కే ఆయనకు లేదు. దీన్నే "కంపల్సరీ" అంటారు. 40లో ఉన్నవాడు ఆటలోకి దిగితే 'ముక్కలు బాగున్నట్టున్నాయి' అని మనం జాగ్రత్తపడతాం. 180లో ఉన్నవాడు దిగితే మాత్రం ఆ అర్థం తీయకూడదు. ఆయన దిగింది ముక్కలు బాగుండి కాదు, వేరే దారి లేక. ఒకే పని ఇద్దరు చేసినా, చేసినవాడి స్థితిని బట్టి దాని అర్థం మారుతుంది. ఈ ఒక్క మాట పట్టుకుంటే మిగతాదంతా తేలిక.

చిప్పుల ఆయుర్దాయం

పోకర్ టోర్నమెంటు పద్ధతి రెండు ముక్కల్లో చెబుతాను. అందరూ ఒకే ప్రవేశ రుసుము కడతారు, అందరికీ సమానంగా చిప్పులు ఇస్తారు. ఒక్కొక్కరికి రెండేసి మూసిన ముక్కలు, మధ్యలో అందరికీ ఉమ్మడిగా ఐదు ముక్కలు. ఈ ఏడింటిలో మేలైన ఐదు ఎవరివైతే వారిది గెలుపు. చిప్పులు అయిపోయినవాడు లేస్తాడు. ప్రతి ఆటకూ వంతులవారీగా ఇద్దరు ముక్కలు చూడకముందే కొంత పందెం కట్టాలి. దీన్ని బ్లైండు అంటారు. కొంతసేపటికోసారి ఈ బ్లైండు పెరుగుతూ పోతుంది. మన మాంబళం ఇంటి అద్దె లాగన్నమాట, తగ్గడమన్నది ఉండదు.

తొమ్మిదిమంది కూర్చున్న బల్ల దగ్గర బ్లైండ్లు 500, 1000 అనుకుందాం. ఒక చుట్టు తిరిగేసరికి ఏమీ ఆడకపోయినా 1500 పోతుంది. 5000 చిప్పులున్నవాడికి మూడు చుట్లు పైన కొంచెం, అంటే ఇంచుమించు 30 ఆటల ఆయువుంది. 52 ముక్కల్లోంచి రెండేసి ముక్కలు 1326 రకాలుగా రావచ్చు. అందులో రెండు ఆసులూ కలిసి వచ్చేవి 6. అంటే సగటున 221 ఆటలకోసారి. 30 ఆటల ఆయువున్నవాడు 221 ఆటలకోసారి వచ్చే జత కోసం కాచుకు కూర్చోగలడా? కూర్చోలేడు. అందుకని ఒక రాజు, ఒక చిన్న జత, కాస్త ఫరవాలేదనిపించే ముక్కలు వస్తే చాలు, ఉన్నదంతా ముందుకు తోసేస్తాడు. ఇది తెగింపు కాదు, తప్పనిసరి. మన 180 పాయింట్ల కంపల్సరీయే.

ఒప్పుకోవడానికి ధర

ఇప్పుడు మీరు 1000 బ్లైండు కట్టి కూర్చున్నారు. ఎదుటివాడు తన 5000 తోశాడు. 500 కట్టినవాడు ముక్కలు పడేశాడు. బల్ల మీద 5000, 500, మీ 1000 కలిపి 6500 ఉంది. మీరు ఇంకా వెయ్యాల్సింది 4000. వేస్తే మొత్తం 10,500. నాలుగు వేలు పెట్టి పదివేల ఐదు వందల కోసం పోటీ. 4000ని 10,500తో భాగిస్తే 38 శాతం. అంటే ఇలాంటి పరిస్థితి వందసార్లు వస్తే అందులో 38 సార్లకు మించి గెలిచేలా ఉంటే ఒప్పుకోవచ్చు.

చాలామంది ఇక్కడే పొరబడతారు. 'సగానికి సగం గెలిచేలా ఉంటేనే ఒప్పుకుంటాను' అంటారు. అక్కర్లేదు. మీరు ముందే కట్టిన 1000, పక్కవాడు వదిలేసిన 500 ఇప్పుడు ఎవరివీ కావు. మన బ్యాంకు భాషలో అవి పోయిన ఖర్చు కింద రాసేసినవి. గెలిచినవాడికి అవి వరుమానం. అందుకే ధర తగ్గుతుంది.

ఎదుటివాడి చిప్పులను బట్టి ఈ ధర ఎలా మారుతుందో చూడండి. అతడి దగ్గర 3000 మాత్రమే ఉంటే మీరు 2000 వేసి 6500 కోసం పోటీపడతారు, కావలసింది 31 శాతం. 10,000 ఉంటే 9000 వేసి 20,500 కోసం, కావలసింది 44 శాతం. 20,000 ఉంటే 19,000 వేసి 40,500 కోసం, 47 శాతం. చిప్పులు తగ్గేకొద్దీ అతడికి జవాబు చెప్పడం చవక అవుతుంది. పైగా చిప్పులు తగ్గేకొద్దీ అతడు తోసే ముక్కల నాణ్యతా తగ్గుతుంది. రెండూ ఒకే వైపు లాగుతున్నాయి. కనుక తక్కువ చిప్పులవాడికి మనం మామూలుగా అనుకునేదానికంటే ఎక్కువసార్లు ఒప్పుకోవాలి. మనవడు గంటసేపు చెప్పినదాంట్లో మొదటి అరగంట ఇదే అయుంటుంది.

మరి ఎన్నిసార్లు గెలుస్తామో ఎలా తెలుస్తుంది? కొన్ని మోటు లెక్కలు గుర్తుంచుకుంటే చాలు. పెద్ద జతకు చిన్న జత ఎదురైతే చిన్నది వందకు సుమారు 18 నుంచి 20 సార్లు గెలుస్తుంది. ఇద్దరి దగ్గరా ఆసు ఉండి మన పక్క ముక్క చిన్నదైతే మనకు వచ్చేది వందకు పాతిక పైచిలుకు. మనవి రెండూ చిన్న ముక్కలు, అతడివి రెండూ పెద్ద ముక్కలైతే మనకు 35 నుంచి 40. ఆసు, రాజు పట్టుకున్నవాడికి రాణుల జత ఎదురైతే 43. అతడు ముక్కలు చూడకుండానే తోశాడనుకుంటే, అన్నిటికన్నా బలహీనమైన మూడు, రెండు కూడా వందకు 32 సార్లు గెలుస్తాయి. పైన 3000 చిప్పులవాడికి కావలసింది 31 అన్నాం కదా. అంటే అతడు గుడ్డిగా తోశాడని ఖాయంగా తెలిస్తే మీరు మీ ముక్కలు చూసుకోవలసిన పనే లేదు.

అయితే ఖాయంగా ఎవరికి తెలుస్తుంది? ఇక్కడే మనిషిని చదవడం వస్తుంది. కొందరు ప్రాణం మీదికొచ్చినా మంచి ముక్కలొచ్చేదాకా కదలరు. చిప్పులు కరిగిపోతున్నా కూర్చునే ఉంటారు. అటువంటివాడు చివరికి తోశాడంటే నిజంగానే జత ఉందని అర్థం. అతడికి చవక ధరైనా చెల్లించకూడదు. అప్పుకోసం వచ్చిన మనిషి విషయంలో మేము చేసేదీ ఇదే. దరఖాస్తు అందరిదీ ఒకే నమూనా. సంతకం కింద ఉన్న మనిషి వేరు, అతడి పాత ఖాతా వేరు.

చిప్పులు వేరు, డాలర్లు వేరు

ఇక రెండో అరగంట. ఇది కాస్త ఓపిగ్గా చదవాలి. ఇప్పటిదాకా చెప్పింది చిప్పుల లెక్క. కాని టోర్నమెంటులో చిప్పుల్ని ఎవరూ డబ్బుగా మార్చి ఇవ్వరు. బహుమతులు స్థానాలకు. అందుచేత గెలిచిన వెయ్యి చిప్పుల విలువ, పోయిన వెయ్యి చిప్పుల విలువ ఒకటి కావు.

దీన్ని కొలిచే పద్ధతి గుర్రప్పందాల లెక్క నుంచి వచ్చింది. 1973లో డేవిడ్ హార్విల్ అనే గణాంక శాస్త్రవేత్త, గుర్రాలు మొదటి స్థానంలో వచ్చే అవకాశాలు తెలిస్తే రెండు, మూడు స్థానాల అవకాశాలు ఎలా కట్టాలో సూత్రం రాశాడు. 1987లో మేసన్ మాల్మత్ దాన్ని పోకర్ టోర్నమెంటుకు అన్వయించాడు. గిండీ గుర్రప్పందాల ఊరివాళ్లం, మనకిది అర్థం కాకుండా ఉంటుందా? సూత్రం సులువే. ఎవరి దగ్గర మొత్తం చిప్పుల్లో ఎంత వాటా ఉందో, మొదటి స్థానానికి వారికి అంత అవకాశం. మొదటివాణ్ణి తీసేసి మిగిలినవారిలో మళ్లీ అదే లెక్క వేస్తే రెండో స్థానం.

మన మనవడి టోర్నమెంటే తీసుకుందాం. పదిమంది, తలా 1000 చిప్పులు, మొత్తం 10,000. ఏడుగురు లేచిపోయారు. మీ దగ్గర 4000, రెండోవాడి దగ్గర 4000, మూడోవాడి దగ్గర 2000. బహుమతులు ఇద్దరికే, 60, 40. ఇంకొక్కడు లేస్తే మిగిలిన ఇద్దరికీ డబ్బు.

మీకు మొదటి స్థానం వచ్చే అవకాశం 40 శాతం. రెండో స్థానానికి: రెండోవాడు మొదట నిలిస్తే (40 శాతం) మిగిలిన 6000లో మీవి 4000, అంటే మూడింట రెండు వంతులు, 26.67. మూడోవాడు మొదట నిలిస్తే (20 శాతం) మిగిలిన 8000లో మీవి సగం, 10. మొత్తం 36.67 శాతం. డాలర్లలో: 60లో 40 శాతం 24, 40లో 36.67 శాతం 14.67. మీ కుర్చీ విలువ 38 డాలర్ల 67 సెంట్లు. రెండోవాడిదీ అంతే. 2000 చిప్పులవాడి విలువ 22.67. మూడూ కలిపితే సరిగ్గా 100. ఖాతా సరిపోయింది.

ఇప్పుడు 2000 చిప్పులవాడు ఉన్నదంతా తోశాడు. లెక్క సులువుగా ఉండటానికి బ్లైండ్లు పక్కన పెడదాం. మీరు ఒప్పుకుని గెలిస్తే అతడు లేస్తాడు, మీకు 6000, రెండోవాడికి 4000. మీ విలువ 52 డాలర్లు. ఓడితే మీ దగ్గర 2000 మిగులుతుంది, విలువ 22.67. గెలిస్తే లాభం 13.33, ఓడితే నష్టం 16. చిప్పుల్లో గెలుపూ ఓటమీ సమానమే, రెండు వేలకు రెండు వేలు. డాలర్లలో సమానం కాదు. కనుక 50 శాతం చాలదు, 54.5 శాతం గెలిచేలా ఉండాలి.

అదే 4000 ఉన్న రెండోవాడు అంతా తోశాడనుకోండి. ఓడితే మీరు ఇంటికి, విలువ సున్న. గెలిస్తే మీకు 8000, విలువ 56. లాభం 17.33, నష్టం 38.67. కావలసింది 69 శాతం! ఆసు, రాజు చేతిలో ఉన్నా జత కనపడితే ఆ ధర గిట్టదు. తేడా చూశారా? చిన్నవాడు మిమ్మల్ని గాయపరచగలడు, చంపలేడు. మీతో సమానమైనవాడు చంపగలడు. అందువల్ల చిన్నవాడికి ధైర్యంగా, సమానుడికి జంకుతూ జవాబు చెప్పాలి. మనలో చాలామందికి సహజంగా వచ్చేది దీనికి తలకిందులు. చిన్నవాడు తెగించాడంటే జంకుతాం, సమానుడు సవాలు చేస్తే పౌరుషానికి పోతాం.

ఈ లెక్కలో నాకు అన్నిటికన్నా ముచ్చటగా తోచింది రెండోవాడి సంగతి. మీరు ఒప్పుకుని గెలిచారు. అతడు వేలు కదపలేదు. అయినా అతడి కుర్చీ విలువ 38.67 నుంచి 48 అయింది. కూర్చున్నందుకు 9.33 లాభం. మీరు ఓడితే? అతడి విలువ 38.67 అలాగే ఉంటుంది, ఒక్క సెంటు తగ్గదు. శ్రమ మీది, ప్రమాదం మీది, లాభంలో వాటా మాత్రం పక్కవాడికీ. బ్యాంకుల్లో ఇది రోజూ చూసేదే. నాలుగు బ్యాంకుల దగ్గర అప్పున్న కంపెనీ కష్టంలో పడితే, ఒక బ్యాంకు మళ్లీ అప్పిచ్చి నిలబెడితే, చేతులు కట్టుకు కూర్చున్న మిగతా మూడింటి బాకీ కూడా వసూలవుతుంది. ఉమ్మడి కుటుంబాల్లో అన్నదమ్ముల మధ్య కూడా ఇలాంటి లెక్కలు నడుస్తాయి. పేర్లు అక్కర్లేదు, మీకే తోస్తాయి.

లాస్ వేగాస్, నిషధ దేశం

తక్కువ చిప్పులవాడి గురించి పోకర్ లోకంలో ఒక పురాణం ఉంది. లాస్ వేగాస్‌లో 1970 నుంచి జరుగుతున్న ప్రపంచ పోకర్ పోటీలో 1982లో జాక్ స్ట్రాస్ విజేత. ఆయన ఒక దశలో అంతా పోయిందనుకుని లేవబోతుంటే, బల్ల మీద ఒకే ఒక 500 చిప్పు కనబడిందనీ, దాంతో మొదలుపెట్టి చివరికి పోటీయే గెలిచాడనీ చెబుతారు. 'ఒక చిప్పూ, ఒక కుర్చీ ఉంటే చాలు' అన్న సామెత ఆ కథతోనే ఊరూరా పాకింది. 2003లో 839 మంది పాల్గొన్న అదే పోటీని గెలిచి 25 లక్షల డాలర్లు పట్టుకెళ్లిన క్రిస్ మనీమేకర్ వృత్తిరీత్యా అకౌంటెంటు. మా కామర్సువాళ్లకు కాస్త గర్వంగా ఉండే విషయమే. కాని మిగిలిన 838 మంది పేర్లు ఎంతమందికి తెలుసు? గెలిచినవాడి కథ ఒక్కటే ఊళ్లు తిరుగుతుంది. ఓడినవారి కథలు ఇంట్లోనే ఉండిపోతాయి.

దీనికంటే పాత కథ మనకే ఉంది. భారతంలో నలుడు. పుష్కరుడి చేతిలో జూదమాడి రాజ్యం పోగొట్టుకుని అడవులు పట్టినవాడు. తరువాత ఋతుపర్ణుడి దగ్గర రథసారథిగా ఉన్నప్పుడు, ఆ రాజు దారిలో ఒక చెట్టుకున్న ఆకుల్నీ కాయల్నీ చూపుతోనే లెక్కగట్టి చెప్పడం చూసి అబ్బురపడ్డాడు. అశ్వహృదయం అతడికి ఇచ్చి, అక్షహృదయం తాను నేర్చుకున్నాడు. అంటే పాచికల గుట్టు, లెక్కల విద్య. నేర్చుకుని నిషధకు తిరిగివచ్చేటప్పుడు అతడి వెంట ఉన్న బలగం ఒక రథం, పదహారు ఏనుగులు, యాభై గుర్రాలు, ఆరువందలమంది కాల్బలం. రాజ్యం ఏలుతున్న పుష్కరుడి ముందు ఇదెంత? తక్కువ చిప్పులవాడే. తాను సంపాదించినదంతా, దమయంతితో సహా, ఒకే పందెంగా ఒడ్డి, నీ రాజ్యం నువ్వు ఒడ్డు అన్నాడు నలుడు. పుష్కరుడు నవ్వి ఒప్పుకున్నాడు. ఒక్క ఆటలో అంతా పోయింది.

పుష్కరుడు ఎక్కడ దెబ్బతిన్నాడో మన లెక్కతో చూద్దాం. పోకర్ బల్ల దగ్గర ఒక రక్షణ ఉంది. 2000 ఉన్నవాడు మీ దగ్గర నుంచి 2000 మాత్రమే గెలవగలడు, మీ 4000లో మిగతా రెండు వేలు భద్రం. చిన్నవాడికి ధైర్యంగా జవాబు చెప్పవచ్చని లెక్క చెప్పింది ఆ కట్టుబాటు వల్లనే. పుష్కరుడు ఆ కట్టుబాటు లేకుండా, పదహారు ఏనుగులవాడికి ఎదురుగా రాజ్యమంతా పెట్టాడు. పైగా, పాత ఖాతా చూసి నలుడు ఇప్పటికీ ఆట రానివాడే అనుకున్నాడు. రెండు తప్పులు: ధర చూడలేదు, మనిషిని చదవలేదు. నలుడు మాత్రం గెలిచాక పుష్కరుడి పాలు పుష్కరుడికి ఇచ్చి పంపేశాడు. మళ్లీ ఆడదామనలేదు. నాకు ఆ కథలో అన్నిటికన్నా పెద్ద విద్య అదే అనిపిస్తుంది.

ప్రవేశ రుసుము లేని ఆట

ఇక అసలు మాటకు వస్తాను. టోర్నమెంటు లెక్క అంతా ఒక గోడ లోపల నడుస్తుంది. పది డాలర్లు కట్టాడు, చిప్పులు అయిపోయాయి, లేచాడు. పోయింది పది డాలర్లే. లోపల ఎంత తెగించినా గోడ దాటి నష్టం రాదు. తక్కువ చిప్పులవాడు ఉన్నదంతా తోయడం తెలివైన పని అవడానికి కారణం, ఆ 'ఉన్నదంతా' నిజంగా ఉన్నదంతా కాకపోవడమే.

గోడ లేనిచోట ఏమవుతుందో నేను కౌంటరు దగ్గర చూశాను. కొన్నేళ్ల క్రితం ఒక శాఖలో పనిచేస్తుండగా మన తెలుగావిడే ఒకామె వచ్చింది. కొడుకుతో ఉమ్మడి ఖాతా. పాస్‌బుక్కు అచ్చువేయించుకుని, "ఇవన్నీ ఏమిటి బాబూ?" అని అడిగింది. అర్ధరాత్రి దాటాక వరసగా డెబిట్లు. 500, 500, 1000, 2000, 4000. మర్నాడు మళ్లీ 500తో మొదలు. పోయినప్పుడల్లా రెట్టింపు చేసి రాబట్టుకోవాలనే ప్రయత్నం అది, అంకెల వరస చూస్తేనే తెలిసిపోతుంది. నెలజీతం పన్నెండో తారీఖుకే అయిపోయింది, ఆ పైది నగల మీద తెచ్చిన అప్పు. నగలు ఆవిడవే. ఆ కుర్రవాడు లెక్కలు రానివాడు కాదు, ఇంజనీరు. శాతాలు నాకంటే వేగంగా కట్టగలడు. ఒక్కొక్క ఆటలో అతడి లెక్క సరిగానే ఉండి ఉండవచ్చు. కాని ఆ పుస్తకంలో 'ప్రవేశ రుసుము' అనే గీత లేదు. ఎక్కడ లేవాలో చెప్పే గోడ లేదు. 180 పాయింట్లకు చేరినవాడు 201 దగ్గర లేస్తాడు. ఇక్కడ 201 అనేదే రాదు. చెల్లెలి పెళ్లి డబ్బు, అమ్మ గాజులు, స్నేహితుడి అప్పు, ఇలా చిప్పులు వస్తూనే ఉంటాయి.

ప్రభుత్వాలకూ కోర్టులకూ మధ్య ఇన్నేళ్లుగా నలిగిన విషయమూ ఇదే. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాలు సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించాయి. తమిళనాడు 2021లో చేసిన నిషేధాన్ని అదే ఏడాది ఆగస్టులో మద్రాసు హైకోర్టు కొట్టేసింది. జస్టిస్ కె. చంద్రు కమిటీ నివేదిక తరువాత 2022లో మరో చట్టం వచ్చింది. 2023 నవంబరులో హైకోర్టు ఆ చట్టాన్ని నిలిపి ఉంచుతూనే, రమ్మీ, పోకర్ నైపుణ్యపు ఆటలని చెప్పి వాటిని నిషేధ పట్టిక నుంచి తప్పించింది. 2025 ఫిబ్రవరిలో రాష్ట్రం అర్ధరాత్రి 12 నుంచి తెల్లవారి 5 వరకు ఆడకూడదని నిబంధన పెడితే, జూన్‌లో హైకోర్టు సరేనంది. ఆ పాస్‌బుక్కు చూసిన నాకు, ఆ ఐదు గంటలే ఎందుకు ఎంచుకున్నారో ఎవరూ వివరించనక్కర్లేకపోయింది. 2025 ఆగస్టులో పార్లమెంటు నైపుణ్యం, అదృష్టం అనే తేడా లేకుండా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. వాటికి డబ్బు బదిలీ చేయకూడదని బ్యాంకులకూ చెప్పింది. కంపెనీలు దాన్ని కోర్టుల్లో సవాలు చేశాయి.

నైపుణ్యమా, అదృష్టమా అన్న ప్రశ్నకు కోర్టులు జవాబు వెతికాయి. ఇంట్లోవాళ్లకు ఆ ప్రశ్న అంత ముఖ్యం కాదు. నైపుణ్యం ఉన్నవాడు కూడా 38 శాతం అవకాశానికి ఒప్పుకున్నప్పుడు వందలో 62 సార్లు ఓడతాడు. అది తప్పు ఆట కాదు, సరైన ఆటే. కాని ఆ 62 సార్లూ వరసగా వస్తే తట్టుకునే సొమ్ము ఎవరిది అన్నదే ఇంటి ప్రశ్న.

కనుక పెరంబూరు పెద్దాయనకు నా జవాబు ఇది. అయ్యా, మీ మనవణ్ణి మెచ్చుకోండి. పది డాలర్ల గోడ కట్టుకుని, దాని లోపల గెలుపు ఓటముల్ని తూకం వేయడం నేర్చుకుంటున్నాడు. ఏ ధరకు ఏ ప్రమాదం ఒప్పుకోవచ్చో చెప్పే విద్య, రేపు ఉద్యోగంలో, వ్యాపారంలో పనికివస్తుంది. కాకపోతే మళ్లీ ఫోను చేసినప్పుడు శాతాల గురించి కాదు, ఒక్క ప్రశ్న అడగండి: "చిప్పులు అయిపోయాక ఇంకో పది డాలర్లు వేస్తారా, లేచి పడుకుంటారా?" లేచి పడుకుంటామంటే మీరూ నిశ్చింతగా పడుకోండి. జవాబుకు ముందు కాస్త తడుముకుంటే మాత్రం, మందలించకుండా, ఎంతెంత వేశాడో ఒక కాగితం మీద రాయమనండి. రాతలో పడితే అంకెలు మాట్లాడతాయి. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నేను నమ్మిన మందు అదొక్కటే.

చదువరులకు ఈసారి లెక్క: పైన చెప్పిన టోర్నమెంటులోనే మీ దగ్గర 6000, మిగతా ఇద్దరి దగ్గర రెండేసి వేలు ఉన్నాయి. వారిలో ఒకడు ఉన్నదంతా తోశాడు. ఒప్పుకోవడానికి మీకు కావలసింది 54.5 శాతం కంటే ఎక్కువా, తక్కువా? ఎంత? కాగితం, పెన్సిలు చాలు, కాలిక్యులేటరు కూడా అక్కర్లేదు. సంఘం చిరునామాకు రాయండి. సరైన జవాబులు పంపినవారి పేర్లు వచ్చే సంచికలో. పిల్లల పేర్లు ముందు వేస్తాం.